కుక్కకి భయమా, కుక్కంటే భయమా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో ఏ విశేషణం తర్వాత ఏ ప్రిపొజిషన్ వస్తుందో నోటుపుస్తకంలో రాసుకుని రోజూ బట్టీ పడుతున్నాడు. అఫ్రెయిడ్ ఆఫ్, గుడ్ ఎట్, ఫేమస్ ఫర్, ఇలాగ. మొన్న ‘అమ్మా, మరి తెలుగులో భయం తర్వాత ఏమొస్తుంది?’ అని అడిగాడు. కుక్కకి భయం, కుక్కంటే భయం, కుక్క వల్ల భయం అని మూడూ అంటాం కదా! వీటిలో ఏది ఒప్పు? ఇంకో సంగతి. ‘వీణల కోసం ప్రసిద్ధి చెందిన బొబ్బిలి’ అని ఒకచోట చదివాను. చెవికి ఎబ్బెట్టుగా ఉంది గాని తప్పెక్కడుందో చెప్పలేకపోయాను.

– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: ముందుగా మీ అబ్బాయికి ఒక మాట చెప్పండమ్మా. తెలుగులో భయం తర్వాత ఏమీ రాదు. రావలసింది ముందే వచ్చేస్తుంది, అదీ కుక్కకి అతుక్కుని. ఇంగ్లీషువాడు ముందు భయపడి, దేనికో ఆనక చెబుతాడు. మనం ముందు కుక్కని చూపించి ఆ తర్వాత భయపడతాం.

ఇక మీరు రాసిన మూడింటిలో మొదటిది అలాగే ఉంచితే అర్థం తిరగబడుతుంది. ‘కుక్కకి భయం’ అంటే భయపడేది కుక్కే. దీపావళికి టపాసులు పేలుస్తుంటే మంచం కిందికి దూరుతుందే, అది కుక్కకి భయం. ‘నాకు ఆకలి, నాకు జ్వరం, నాకు తెలుసు’ అన్నట్టే ‘నాకు భయం’. ఆ కి, కు ఎవరికి అంటుకుంటే భయం వాళ్లది. ఇంగ్లీషులో మనిషే భయపడినవాడై నిలబడతాడు. మన భాషలో భయం ఎక్కడి నుంచో వచ్చి మనిషిని పట్టుకుంటుంది. అందుకే ‘నాకు కుక్కకి భయం’ అని రెండు చోట్లా కి పెడితే వాక్యం నిలవదు. అదే భయాన్ని క్రియ చేస్తే ఇబ్బంది లేదు. ‘నేను కుక్కకి భయపడతాను’ అనొచ్చు. ఇక్కడ నేను కర్త, కి కుక్కకి దక్కింది.

మిగిలినవన్నీ ఒప్పే, కాని ఒకటి కావు. కుక్కని వదిలేసి నాగావళి ఒడ్డుకి వెళ్దాం. నది సన్నటి పాయగా పారే మే నెలలో కూడా ఆ ఒడ్డున ఉన్న మనిషి ‘నాకు వరదంటే భయం’ అనగలడు. ‘అంటే’ అనేది అను ధాతువే, ‘అని పేరెత్తితే’ అని దాని అర్థం. ఎదురుగా వరద ఉండక్కర్లేదు, పేరు చాలు. ‘వరదకి భయపడి సామాన్లు అటకెక్కించాం’ అంటే భయం ఒక పని చేయించింది. ‘వరదను చూసి భయపడ్డాం’ అంటే కళ్లారా చూశాం. ‘కరకట్ట వేశాక వరద వల్ల భయం లేదు’ అంటే ముప్పు తప్పిందని. వరదంటే మనసులో ఉండే భయం, కరకట్ట వేసినా పోకపోవచ్చు.

వ్యాకరణాలు చెప్పింది ఈ ‘వల్ల’ భయాన్నే. భయానికి కారణమైన దానికి పంచమీ విభక్తి అన్నాడు సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని. చిన్నయసూరి కూడా 1858 నాటి బాలవ్యాకరణంలో భయానికి ‘వలన’ చెప్పాడు. పులి వలన భయం, పాము వలన భయం అని పద్యంలో, పురాణంలో ఉంటుంది. నోటి మాటలో మాత్రం ఆ ‘వలన’ ‘వల్ల’గా మారి ముప్పు అనే అర్థానికి కుదించుకుపోయింది. ‘నాకు మా లెక్కల మాస్టారి వల్ల భయం’ అని ఏ పిల్లాడైనా అంటే, పాపం ఆ మాస్టారు ఏం చేస్తున్నారోనని మనకి అనుమానం వస్తుంది.

డు ము వు లు ప్రథమా విభక్తి అంటూ మన తరం వాళ్లం ఒక చదువు వల్లించాం, గుర్తుందా? ని ను ల కూర్చి గురించి, చేత చే తోడ తో, కొరకు కై, వలన కంటె పట్టి, కి కు యొక్క లో లోపల, అందు న. ఇందులో ‘మీద’ లేదు, ‘అంటే’ లేదు. ఈ రెండూ లేకుండా ఈ రోజు తెలుగువాడు ప్రేమా చెప్పలేడు, కోపమూ చెప్పలేడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితమంతా పోట్లాడింది ఇలాంటి దాని గురించే. జనం మాట ఒకటి, బడిలో వల్లించేది ఒకటి.

కోపం దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు నీడ తెలుగు మీద పడటం బాగా కనిపిస్తోంది. డబ్బింగు సీరియళ్లలో ‘నేను నీతో కోపంగా ఉన్నాను’ అనే మాట వింటున్నాను. యాంగ్రీ విత్ నుంచి దిగిన ‘తో’ అది. మనకి కోపం ఎదుటివాడి మీద ఉంటుంది. ‘తో’ కావాలంటే ఇద్దరూ కలిసి ఏదో చెయ్యాలి, మాటో గొడవో. ‘నీతో కోపంగా మాట్లాడాను’ అంటే సరే, అక్కడ ‘తో’ మాటది, కోపానిది కాదు. జాలి, అసూయ, నమ్మకం, ఆశ అన్నీ కోపంలాగే మీద కూర్చుంటాయి.

దీనికి భిన్నంగా, ‘లెక్కల్లో ఆసక్తి’ అని పిల్లలు రాస్తే ఇంటరెస్టెడ్ ఇన్‌కి అనువాదమని కొందరు మాస్టార్లు కొట్టేస్తున్నారు. అది అన్యాయం. సంస్కృతంలో ఆసక్తికి సప్తమీ విభక్తి ఉంది, మన పాత వచనంలో ‘యందు ఆసక్తి’ ఉంది. ఆ యందు చోటే ఇవాళ లో వచ్చింది. ‘లెక్కల మీద ఆసక్తి’, ‘లెక్కలంటే ఆసక్తి’ ఎక్కువ వాడుకలో ఉన్నాయి, నిజమే. అంతమాత్రాన లో తప్పు కాదు. ఇంగ్లీషులో ఉన్నదల్లా ఇంగ్లీషు నుంచి వచ్చినది కాదు కదా.

ఇక బొబ్బిలి. మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. ‘కోసం’ చెప్పేది ఒక ఉద్దేశాన్ని, ఇంకా చేతికి రాని దాన్ని. ‘వీణ కోసం బొబ్బిలి వెళ్లాం’ అంటే బాగుంది, మనకి వీణ కావాలి. బొబ్బిలికి వీణ కావలసి పేరు రాలేదు. పనస దుంగని తొలిచి అక్కడివాళ్లు చేసే వీణల వల్లే పేరు వచ్చింది. పేరుకి కారణమైన దానికి మన భాషలో కి, కు రావాలి. బొబ్బిలి వీణలకు ప్రసిద్ధి, పొందూరు ఖద్దరుకి పేరు, పలాస జీడిపప్పుకి పేరు. అనుమానం ఉంటే ఇంకో ఉదాహరణ చూడండి. 1757లో జరిగిన యుద్ధానికి కూడా బొబ్బిలి ప్రసిద్ధే. ‘యుద్ధం కోసం ప్రసిద్ధి’ అని రాస్తే, బొబ్బిలి వాళ్లు ఎప్పుడు యుద్ధం వస్తుందా అని కాచుకు కూర్చున్నట్టు లేదూ!

ఫర్ కనిపించగానే కోసం పెట్టేయడం ఫోనుల్లో అనువాదాలు వచ్చాక మరీ ఎక్కువైంది. ‘ఉద్యోగం కోసం అర్హులు’, ‘ప్రమాదం కోసం బాధ్యులు’ అని చదువుతున్నాం. ఉద్యోగానికి అర్హులు, ప్రమాదానికి బాధ్యులు అంటే సరిపోతుంది. అలాగని కోసాన్ని వెలివేయనక్కర్లేదు. ‘పరీక్ష కోసం సిద్ధమవుతున్నాడు’ అంటే ఇంకా చదువుతున్నాడు. ‘పరీక్షకి సిద్ధం’ అంటే చదవడం అయిపోయింది, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

మీ అబ్బాయి బట్టీ గురించి కూడా ఒక మాట. అన్నీ బట్టీ పట్టడం వృథా శ్రమ. తెలుగు ఎక్కడ పక్కదారి పట్టిస్తుందో అవి మాత్రం వేరే పేజీలో రాసుకోమనండి. లెక్కల్లో దిట్ట అని మనసులో అనుకుని ‘గుడ్ ఇన్’ అని రాస్తాడు, పరీక్షలో అడిగేది ఎట్. సీతకి రాముడితో పెళ్లయింది అనుకుని ‘మ్యారీడ్ విత్’ అంటాడు, అక్కడ రావలసింది టు. కాలేజీ రోజుల్లో ఈ విత్ రాసి నేనూ మార్కులు పోగొట్టుకున్నాను. ఆ తర్వాత మా నాయనమ్మ మాటే గుర్తుకి పనికొచ్చింది. ‘దాన్ని ఫలానా వాళ్లబ్బాయికిచ్చి చేశాం’ అనేది ఆవిడ. ఆ కి దగ్గర టు పెట్టేసుకున్నాను. పిల్లని ‘ఇవ్వడం’ ఏమిటని ఇప్పటి అమ్మాయిలు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ పేజీలో మొదట రాయాల్సింది దూరం. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో అని మీకు తెలుసు. ‘స్టేషను ఊరికి దూరం’ అంటాం. కొలత అడిగితే మాత్రం ‘ఊరి నుంచి స్టేషను ఎంత దూరం?’ అంటాం. దూరమని చెప్పడానికి కి, ఎంతో అడగడానికి నుంచి. ఇంగ్లీషుకి ఈ తేడా పట్టదు, రెండు చోట్లా ఫ్రమ్ అనే అంటుంది. మీవాడు తెలుగు కి చూసి ‘ఫార్ టు’ అని రాసే ప్రమాదం ఉంది. మీరు ఈసారి రైలు దిగి ఆటో బేరమాడేటప్పుడు వాణ్ని పక్కన నిలబెట్టుకోండి, రెండు వాక్యాలూ అక్కడే వినిపిస్తాయి.