మెనూ మూసేస్తే కిందది మళ్లీ రావాలంటే (బుజ్జికి బాబాయ్ రాసేది)

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే వినబడింది, మీ గల్లీలో బారాత్ పోతున్నట్టుంది ఆ బ్యాండ్ మోతలో ఇంకేం వింటాం, అందుకే రాస్తున్నా. టర్బో సీలో (పాత డాస్ కంప్యూటర్లలో సీ భాష ప్రోగ్రాములు రాసే టూల్) నువ్వు రాస్తున్న ప్రోగ్రాంలో మెనూ తెరుచుకుంటోంది గానీ మూస్తే కిందున్న బొమ్మ పోయి నల్ల డబ్బా మిగులుతోంది, అంతేగా?

టర్బో సీలో విండోలు అంటూ ఏమీ ఉండవమ్మా. ఉన్నది ఒకటే స్క్రీను, పైన ఏం గీసినా కిందది పోయినట్టే. కాబట్టి మెనూ గీసే ముందే ఆ చోటుని గెట్‌ఇమేజ్ అనే ఫంక్షన్‌తో మెమరీలో దాచుకోవాలి, మూసేటప్పుడు పుట్‌ఇమేజ్‌తో, కాపీ పుట్ (ఉన్నది ఉన్నట్టు వేసే పద్ధతి) పెట్టి, అదే ఎడమ పై మూల నుంచి తిరిగి పెట్టేయాలి. మెనూకి నీడ గీశావా? అయితే నీడతో కలిపి దాచు, లేదంటే ఆ గీత అక్కడే ఉండిపోద్ది.

మెమరీ ఎంత కావాలో ఇమేజ్‌సైజ్ అనే ఫంక్షన్‌నే అడుగు. 16 రంగుల వీజీఏ స్క్రీన్ మోడ్‌లో పిక్సెల్‌కి అర బైటు, అంటే 200 బై 150 మెనూకి 15,000 బైట్లు, పైన పొడవు వెడల్పులు రాసుకునే హెడర్ చిల్లర. ఫుల్ స్క్రీన్ దాస్తానన్నావు చూడు, అక్కడే తంటా, 640 బై 480 అంటే 1,53,600 బైట్లు, ఈ ఫంక్షన్లు 64కే (65,536 బైట్లు) దాటి పోలేవు. ఇమేజ్‌సైజ్ మైనస్ 1 ఇస్తుంది, అది మైనస్‌లు లేని అన్‌సైన్డ్ లెక్కలో 65535 అయి కూర్చుంటుంది, నువ్వు అదేదో సైజే అనుకుని మెమరీ ఇచ్చే మాలాక్‌కి ఇచ్చేస్తావు, ఇక ప్రోగ్రాం ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. 160 లైన్ల చొప్పున మూడు ముక్కలు చెయ్, ఒక్కోటి 51,200 చిల్లర. కంపైలర్ సెట్టింగుల్లో మెమరీ మోడల్ స్మాల్ ఉంటే ఇవి పట్టవు, లార్జ్ పెట్టుకో.

ఇప్పుడు మౌస్. డాస్ రోజుల్లో బేగంబజార్‌లో ఒక షాపుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చా. మెనూ మూసిన ప్రతిసారీ స్క్రీన్ మీద ఒక బాణం గుర్తు మిగిలిపోయేది, సేటు పాపం మచ్చ అనుకుని జేబురుమాలుతో తుడిచేవాడు, పోదే! నేను చేసిన తప్పేంటంటే మౌస్ కర్సర్ కనబడుతుండగానే గెట్‌ఇమేజ్ కొట్టడం, బొమ్మతో పాటు బాణం కూడా దాచుకున్నా, మూసినప్పుడు అదే వచ్చి కూర్చుంది. మౌస్ డ్రైవర్‌ని పిలిచే ఇంటరప్ట్ 33హెచ్‌లో ఫంక్షన్ 2తో కర్సర్ కనబడకుండా చెయ్, కాపీ తీసుకో, ఫంక్షన్ 1తో చూపించు. తిరిగి పెట్టేటప్పుడూ ఇంతే. అదే ప్రోగ్రాంలో మాలాక్‌తో తీసుకున్న మెమరీ ఫ్రీ చేయడం కూడా మర్చిపోయా, పొద్దున్న బాగానే నడిచేది, సాయంత్రానికి మెమరీ అయిపోయి బిల్లు మధ్యలో బిగుసుకుపోయేది, సేటు నోరు ఆ రోజు చూడాలి.

మెనూ మీద మెనూ తెరుస్తావా, ఆఖర్న తెరిచింది ముందు మూయాలి. ఫంక్షన్ హాల్లో పేర్చిన కుర్చీలు కింద నుంచి లాగుతామా ఎక్కడన్నా.

ఇంకోటి, దాచుకున్నది ఆ క్షణం నాటి ఫొటో మాత్రమే. మెనూ కింద గడియారం నడుస్తుంటే మూశాక పాత టైమే చూపిస్తుంది, అలాంటి చోట కాపీని నమ్మకు, ఆ భాగం మళ్లీ గీయించు. పాత విండోస్‌లో మామూలుగా జరిగింది అదే, మూసుకుపోయిన భాగం బయటపడితే ప్రోగ్రాంకి డబ్ల్యూఎం పెయింట్ అనే కబురు పంపి నువ్వే గీసుకో అనేది. మౌస్‌తో లాగే గీతలకైతే కాపీ కూడా అక్కర్లేదు, సెట్‌రైట్‌మోడ్‌లో ఎక్సార్ (కింది రంగు బిట్లని తిప్పేసే పద్ధతి) పెట్టి అదే గీత రెండుసార్లు గీస్తే చెరిగిపోద్ది, కాకపోతే వెనక రంగు ఉంటే గీత రంగు మారి కనిపిస్తుంది.

రేపు వెబ్ పేజీలో బొమ్మలు గీసే బ్రౌజర్ క్యాన్వాస్‌కి వెళ్లినప్పుడు అక్కడ సేవ్ అనే ఫంక్షన్ చూసి మురిసిపోకు. అది రంగు, గీత మందం, ట్రాన్స్‌ఫామ్ (తిప్పడం, సాగదీయడం) లాంటి సెట్టింగులే దాస్తుంది, పిక్సెళ్లు కావు. పిక్సెళ్లకి గెట్ ఇమేజ్ డేటా, పుట్ ఇమేజ్ డేటా వేరే ఉన్నాయి.

ముందు కాపీ తీయడం, కర్సర్ సంగతి చూడు. అప్పటికీ రాకపోతే ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చుకో, మెట్రోలో అమీర్‌పేట్ దిగి ఫోన్ చెయ్, బండి మీద వచ్చి తీసుకెళ్తా. పిన్ని పెసరట్టు పిండి రుబ్బుతానంటోంది.

మీ బాబాయ్