విల్డర్‌నెస్ రోడ్‌ను డేనియల్ బూన్ కనుగొన్నాడనడం సరైనదేనా?

అమెరికాలో తూర్పు కొండలు దాటి కెంటకీకి వెళ్ళే తొలి అడవి దారి విల్డర్‌నెస్ రోడ్‌ను 1775లో డేనియల్ బూన్ అనే వేటగాడు కనుగొన్నాడని పిల్లల పుస్తకంలో ఉంది, అది నిజమేనా అని అడిగారు. నిజం కాదు. అప్పటికే నడకలో ఉన్న బాట మీద ఆయన, ఆయన వెంట వచ్చిన సుమారు 30 మంది గొడ్డలి పనివారు తుప్పలు నరికి, చెట్ల బెరడు చెక్కి గుర్తులు పెట్టారు. అది చిన్న పని అని నేను అనను, కానీ దానిని కనుగొనడం అనకూడదు.

పదకొండేళ్ళుగా కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఉంటున్నాను. నాలుగేళ్ళ క్రితం అక్టోబరులో మా నాన్నగారు వచ్చినప్పుడు ఆయనను కంబర్లాండ్ గ్యాప్‌కు తీసుకువెళ్ళాను. కెంటకీ, వర్జీనియా, టెనెసీ కలిసే చోట కొండల వరుసలో ఉన్న ఆ పల్లపు సందు గుండానే పాత దారి పోతుంది. నాన్నగారు తూర్పు గోదావరిలో ముప్ఫై ఏళ్ళకు పైగా రోడ్ల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారు, మారేడుమిల్లి ఘాటు రోడ్డు మీద కూడా కొన్నేళ్ళు పని చేశారు. దారి చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, ‘ఇది పాతదేనా, ఈమధ్య పోసిన మట్టా?’ అని. ఆ అనుమానం సరైనదే. 1996లో కొండ కింద సొరంగం తెరిచాక పైనున్న తారు రోడ్డును పూర్తిగా పెరికివేసి, పాత పటాల ఆధారంగా కొండ వాలును రెండు వందల ఏళ్ళ నాటి రూపానికి తిరిగి తెచ్చారు. జీవితమంతా తారు పోయించిన మనిషి, తారు తీసివేసి దారిని కాపాడారన్న మాట విని చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

తరువాత రాలిన ఆకులను చెప్పుతో పక్కకు నెట్టి, వంపు తిరిగే చోట కూర్చుని కింది నుంచి పైకి చూపు సారించారు. ‘ఇది మన పుంత లాంటిదేరా. మనిషయితే తొందరకొద్దీ నిలువునా ఎక్కబోతాడు. గొడ్డు అలా ఎక్కదు, అడ్డంగా పోయి ఊపిరి తీసుకుని మలుపు తిరుగుతుంది. ఘాటులో మేము లెవెల్ పెట్టబోయే ముందు గొడ్లు ఎటు దిగుతున్నాయో చూసేవాళ్ళం’ అన్నారు. నాకు అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు. బైసన్‌లనే అడవి దున్నలు, జింకలు ఉప్పు నేలలను వెతుక్కుంటూ తొక్కిన బాటలనే షానీ, చెరోకీ అనే స్థానిక తెగల జనం తరతరాలుగా వాడుకున్నారు. ఈ సందు గుండా పోయే దానికి యోధుల బాట అని పేరు. బూన్ కంటే 25 ఏళ్ళు ముందే, 1750లో థామస్ వాకర్ అనే వైద్యుడు ఇటు వచ్చి వెళ్ళాడు.

ఇక నన్ను ఎక్కువగా బాధించే విషయం భూమి సంగతి. బూన్‌ను ఈ దారి పనికి పంపిన రిచర్డ్ హెండర్సన్ అనే భూవ్యాపారి చెరోకీల నుంచి సుమారు 2 కోట్ల ఎకరాలను 10,000 పౌండ్ల సరుకుకు కొన్నానన్నాడు. ఆ పత్రం మీద సంతకాలు పడింది 1775 మార్చి 17న. బూన్ ముఠా హోల్‌స్టన్ నది దగ్గర బయలుదేరింది మార్చి 10నే! డ్రాగింగ్ కనూ అనే చెరోకీ నాయకుడు ఆ అమ్మకాన్ని గట్టిగా వ్యతిరేకించాడన్న సంగతి పిల్లల పుస్తకాలలో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు. వర్జీనియా ప్రభుత్వం 1778లో ఆ కొనుగోలునే రద్దు చేసింది.

గొడ్డలి పట్టినవారి కష్టాన్ని వారిలో ఒకడైన ఫీలిక్స్ వాకర్ రాసి ఉంచాడు. రాక్‌కాసిల్ నది దాటాక 20 మైళ్ళు ఎండు తుప్పలు నరుక్కుంటూ, ఆ పైన 30 మైళ్ళు వెదురు జాతి రెల్లులో దారి చేసుకుంటూ పోయారట. మార్చి 25 తెల్లవారక ముందే వారి మకాం మీద దాడి జరిగింది. ట్విట్టీ అనే కెప్టెను, ఆయన బానిస సామ్ ఆ దాడిలో చనిపోయారు, వాకర్ తీవ్రంగా గాయపడ్డాడు. ముఠాలో వంట చేసిన ఒక బానిస స్త్రీ కూడా ఉంది. మా అబ్బాయి తన ప్రాజెక్టులో ఈ ఇద్దరి సంగతి రాస్తే, విషయానికి సంబంధం లేదని బడిలో కొట్టివేశారు. సంబంధం లేకపోవడం ఏమిటి? సామ్ ప్రాణం పోయింది ఆ దారి మీదనే కదా.

1810 నాటికి రెండు లక్షలకు పైగా జనం ఈ సందు దాటారని అంచనా. అయినా 1796 వరకు ఇది బండ్లు పోయే దారి కాదు, గుర్రం మీదో కాలినడకనో పోవలసిందే. వెడల్పు చేసే పని తనకు ఇమ్మని బూన్ స్వయంగా గవర్నరుకు లేఖ రాసుకున్నాడు. ఆ పని ఆయనకు దక్కలేదు. 1799లో కెంటకీ వదిలి మిస్సోరీ వెళ్ళిపోయాడు.

మీరు పిల్లలను తీసుకువెళ్ళేటట్లయితే నేరుగా కొండ కొమ్మున ఉన్న పినాకిల్ దగ్గరికి కారులో పోయి, ఫొటోలు తీసుకుని తిరిగి రాకండి. టెనెసీ వైపు చిన్న ఊరిలో పాత ఇనుప కొలిమి ఉంది, అక్కడ బండి ఆపి పైకి నడవండి. మైలు కూడా ఉండదు. మొదటి మలుపు దగ్గర పిల్లలను ఒక్క నిమిషం ఆపి, వాలు ఎటు తిరిగిందో చూపించండి.