డబ్ల్యూ5500 ఈథర్నెట్ మాడ్యూల్ లైట్లు వెలుగుతున్నా ఐపీ అడ్రస్ ఎందుకు రావడం లేదు?

గుంటూరు మిర్చి గోదాములో తేమ రీడింగుల కోసం కేబుల్‌తో నెట్‌వర్క్‌కి కలిపే ఈ మాడ్యూల్‌ని ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి తగిలించి, కరెంటు ఊనో 3.3 వోల్టుల పిన్ నుంచే ఇచ్చానన్నారు. చిక్కంతా అక్కడే. ఆ పిన్ ఇచ్చేది 50 మిల్లీఆంపులు. 100 ఎంబీపీఎస్ లింకు మీద ఈ చిప్ ఒక్కటే సుమారు 130 లాగుతుంది. లైటు వెలగడానికి సరిపోతుంది గానీ పనికి చాలదు. మాడ్యూల్ మీద రెగ్యులేటర్, 5 వోల్టుల పిన్ ఉంటే దానికివ్వండి. లేదంటే విడిగా 3.3 వోల్టుల రెగ్యులేటర్ పెట్టి, గ్రౌండ్లు కలపండి.

మాడ్యూల్ రీసెట్‌కి ఊనోలో ఒక డిజిటల్ పిన్ కేటాయించండి. దాన్ని కనీసం 500 మైక్రోసెకన్లు ‘లో’ (0 వోల్టులు) స్థితిలో ఉంచాలి. నేనైతే 10 మిల్లీసెకన్లు ఉంచి, వదిలాక ఇంకో 200 ఆగుతాను. తొందరేముంది?

ఈ చిప్‌కి సొంత మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే నంబరు) ఉండదు, కోడ్‌లో మీరే ఇవ్వాలి. 02తో మొదలుపెట్టండి. రెండో మాడ్యూల్ కొంటే అదే అడ్రస్ కాపీ కొట్టకండి, రెండూ కొట్టుకుంటాయి.

ఇంకొకటి. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ కన్నా ఊనో ముందే లేస్తుంది. డీహెచ్‌సీపీ, అంటే రౌటర్‌ని ఐపీ అడగడం, ఒక్కసారి విఫలమైతే ఊరుకోకుండా, చిప్‌ని రీసెట్ చేసి మళ్లీ అడిగేలా రాయండి. విజయవాడలో మా మేడ మీద పెట్టిన బోర్డు ఇలాగే వేసవంతా నన్ను మెట్లెక్కించింది.