పాత కట్ట మీద దొరికినదాన్ని ఏం చేయాలి?

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

నల్లపాడు అవతల పాత మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు ఎడం ఉండే లైను) కట్ట మీద రైలు పట్టా ముక్క కనిపించిందనీ, గుంటూరు తెచ్చేస్తాననీ ఫోన్‌లో అన్నావు. వద్దు నాన్నా. రైళ్లు ఆగిపోయినా అది రైల్వే సొత్తే. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. కేసు సంగతి అలా ఉంచు. ఆ ముక్క అక్కడ పడి ఉండడమే దాని చరిత్రలో సగం. మన హాల్లోకి వచ్చాక అది ఉత్త ఇనుమే.

ముందు ఫోటోలు తియ్యి. పక్కన స్కూలు స్కేలు పెట్టి ఒకటి, పది అడుగులు వెనక్కి వచ్చి తూమూ, కిలోమీటరు రాయీ కనబడేలా ఇంకొకటి. పట్టా పక్కభాగం మీద తయారుచేసిన కంపెనీ పేరు, ఏడాది ఉబ్బెత్తుగా అచ్చుపడి ఉంటాయి. మిట్టమధ్యాహ్నం అవి కనిపించవు. పొద్దు వాలేటప్పుడు వెళ్లు, ఏటవాలు ఎండలో అక్షరాలు పైకి లేస్తాయి. చదవడం కోసం తుప్పు గీకావంటే తుప్పుతోపాటు అంకెలూ రాలిపోతాయి. తేదీ, చోటు అక్కడికక్కడే రాసుకో, ఇంటికొచ్చాక రాద్దామంటే సగం మర్చిపోతాం. ఆ ఫోటోలు జతచేసి స్టేషన్ మాస్టర్ గారికి కాగితం ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకో.

న్యాయంగా ఇంట్లోకి వచ్చిన వస్తువుల సంగతి వేరు. మా నాన్న ఇత్తడి బిళ్ళ నీకు తెలుసుగా, దాని మీద ఎం.ఎస్.ఎం. అని ఉంటుంది, అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. ఆ కంపెనీ 1908లో ఏర్పడి 1951లో సదరన్ రైల్వేలో కలిసిపోయింది కాబట్టి ఆ మూడక్షరాలే బిళ్ళ వయసు చెబుతాయి. ఒక దసరాకి నేను దాన్ని చింతపండు పెట్టి తళతళలాడేలా తోమాను. వెనక చేత్తో చెక్కిన నంబరు సగం అరిగిపోయింది. ఆయన నంబరు అది, ఇప్పుడు ఎవరినడిగినా దొరకదు. అందుకే ఇత్తడిని పొడి మెత్తని గుడ్డతో తుడిచి వదిలెయ్యి. పాత అట్ట టికెట్లు దొరికితే లామినేషన్ చేయించకు, సెల్లోటేపు అంటించకు. మన తేమకి జిగురు పసుపెక్కి అచ్చును లాగేస్తుంది. కాగితపు కవర్లో పెట్టి, చెదలు పట్టని ఎత్తైన అరలో ఉంచు.

ఆదివారం సాయంత్రం నేనూ వస్తాను. బూట్లు వేసుకో, ఆ కట్ట మీద పాములుంటాయి. స్కేలు మర్చిపోకు.

నీ తాతయ్య
గుంటూరు