240 మిలియన్ల కాంట్రాక్ట్ అంటే 240 మిలియన్లూ చేతికొస్తాయా?

మీరడిగినవి రెండు విషయాలు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆడే డాక్ ప్రెస్కాట్‌కి అతని టీమ్ డల్లాస్ కౌబాయ్స్ రాసిచ్చిన 240 మిలియన్ డాలర్లు నిజంగా అతనికి ముడతాయా? ఐపీఎల్ వేలంలో లాగా ఎవరు ఎక్కువ పాడితే ఆటగాడు వాళ్లకే వెళ్లిపోతాడా?

నేను టెక్సాస్‌లో, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉంటాను. కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ 'ద స్టార్' మా ఊళ్లోనే ఉంది. సీజన్ నడుస్తుంటే సోమవారం పొద్దున ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర ఇంకో టాపిక్ ఉండదు. నిజం చెప్పాలంటే ఆట రూల్స్ కన్నా ముందు నాకు ఈ కాంట్రాక్టుల గొడవే బాగా ఎక్కింది. మన ఐటీ వాళ్లకి అలవాటైన లెక్కే కదా, ఆఫర్ లెటర్‌లో సీటీసీ ఒకటి, నెలాఖరున అకౌంట్లో పడేది ఇంకొకటి. ఎన్ఎఫ్ఎల్ వార్తల్లో మోగిపోయే అంకె సీటీసీ లాంటిది. చూడాల్సింది గ్యారంటీ ఎంత అన్నది. గ్యారంటీ లేని జీతం ఎంతున్నా, టీమ్ ఆటగాణ్ని తీసేసిన రోజుతో దానికి చెల్లుచీటీ.

మొదట మీ రెండో ప్రశ్న. ఇక్కడ వేలం లేదు. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, ఏ టీమ్ పిలిస్తే అక్కడికే పోవాలి. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడికి తొలి కాంట్రాక్ట్ నాలుగేళ్లు, జీతం కూడా ఎన్నో నంబర్‌లో పిలిచారన్న దాన్ని బట్టి దాదాపు ముందే ఖాయమై ఉంటుంది. అది అయిపోయాక ఫ్రీ ఏజెంట్. అప్పుడు ఎక్కడికి వెళ్లాలో ఆటగాడే తేల్చుకుంటాడు. ఈ స్వేచ్ఛ కూడా కోర్టు కేసుల తర్వాత 1993లో గానీ రాలేదు. దాంతో పాటే టీమ్‌ల చేతికి ఫ్రాంచైజ్ ట్యాగ్ వచ్చింది. కాంట్రాక్ట్ ముగిసినవాళ్లలో ఒక్కరిని, ఆ పొజిషన్‌లో టాప్ జీతాల లెక్కన డబ్బిచ్చి, ఇంకో ఏడాది కట్టిపడేయొచ్చు. ఏడాదికి డబ్బు బాగానే వస్తుంది, కానీ ఆ ఏడాదిలో మోకాలు పోతే తర్వాత సంగతి దేవుడెరుగు.

డాక్ కథ అచ్చంగా ఇదే. 2016లో నాలుగో రౌండ్‌లో వచ్చాడు. క్వార్టర్‌బ్యాక్‌గా టీమ్ మొత్తాన్ని నడుపుతూ, ఆ నాలుగేళ్లూ ఆ పొజిషన్ లెక్కల్లో చిల్లర లాంటి జీతానికి ఆడాడు. 2020లో పెద్ద కాంట్రాక్ట్ బేరం కుదరలేదు. టీమ్ ఐదేళ్లు అంది, ఇతను నాలుగేళ్లే అన్నాడని అప్పట్లో అన్ని చోట్లా వచ్చింది. చివరికి 31.4 మిలియన్లకు ట్యాగ్ మీద ఆడాడు. అక్టోబర్‌లో జెయింట్స్‌తో మ్యాచ్‌లో కుడి చీలమండ విరిగి పక్కకు తిరిగిపోయింది. టీవీలో రీప్లే వేస్తుంటే మా ఇంట్లో మా ఆవిడ లేచి వెళ్లిపోయింది. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే పాట, ఐదేళ్లకు సంతకం పెట్టేసి ఉంటే పోయేది కదా అని.

నేనైతే ఒప్పుకోలేదు. ఆ ఒక్క ఏడాది పట్టుదలే అతణ్ని ఇవాళ ఇక్కడ నిలబెట్టింది. 2021 మార్చిలో నాలుగేళ్లకే 160 మిలియన్లు, అందులో 126 గ్యారంటీ, సంతకానికి బోనస్ 66. వీటన్నిటికన్నా విలువైనవి రెండు షరతులు: అతని అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదు (అంటే వేరే టీమ్‌కి ఇచ్చేయకూడదు), గడువు అయ్యాక మళ్లీ ట్యాగ్ వేయకూడదు. అంటే 2024 సీజన్ అయ్యాక టీమ్ చేతిలో ఇక ఏమీ ఉండదు. ఓనర్ జెర్రీ జోన్స్ చివరి నిమిషం దాకా సాగదీసి, 2024 సెప్టెంబర్‌లో క్లీవ్‌లాండ్‌తో తొలి మ్యాచ్ రోజున, నాలుగేళ్లకు 240 ఇచ్చాడు. అందులో 231 గ్యారంటీ. సంతకం రోజునే ఖాయమయ్యేది మాత్రం అందులో సగం పైచిలుకే, మిగతాది మొదట గాయమైతేనే వర్తించే గ్యారంటీ, ఏడాదికింత చొప్పున పూర్తి గ్యారంటీగా మారుతుంది. కాబట్టి డాక్ వరకు మీ మొదటి ప్రశ్నకు జవాబు దాదాపు అవుననే. అందరికీ అలా ఉండదు.

తక్కువ ఏళ్లు అడగడంలో ఇంకో కిటుకుంది. టీమ్ ఏడాదికి జీతాల మీద పెట్టగలిగే ఖర్చుకు లీగ్ పరిమితి పెడుతుంది, శాలరీ క్యాప్ అంటే అదే. కోవిడ్ దెబ్బకు 2021లో అది 182.5 మిలియన్లకు పడింది, 2025కి 279.2 అయింది. క్యాప్ పెరుగుతుంటే ఎంత త్వరగా మళ్లీ మార్కెట్లోకొస్తే అంత లాభం. టీమ్‌కి సరిగ్గా దీనికి ఉల్టా.

క్యాప్ ఉంటే ఇంత బోనస్ ఎలా ఇస్తారంటారా? డాక్‌కి 2021లో ఇచ్చిన ఆ 66 మిలియన్ల బోనస్ అతనికి ముందే ముట్టినా, క్యాప్ పుస్తకంలో ఐదేళ్లకు పంచి రాసుకోవచ్చు. ఏడాదికి 13.2. నాలుగేళ్ల కాంట్రాక్ట్‌ని ఐదేళ్లకు పంచాలంటే చివర్లో ఉత్తుత్తి సంవత్సరాలు తగిలిస్తారు. మధ్యలో ఆటగాడు వెళ్లిపోతే మిగిలిన బాకీ అంతా టీమ్ నెత్తిన పడుతుంది, దాన్నే డెడ్ మనీ అంటారు. డెన్వర్ టీమ్ 2024లో తమ క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ని వదిలించుకుంటే క్యాప్‌లో 85 మిలియన్ల బొక్క పడింది. అతనికి కొత్తగా రాసిచ్చిన ఐదేళ్ల కాంట్రాక్ట్ అప్పటికింకా మొదలే కాలేదు!

బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్‌బ్యాక్‌ల పరిస్థితి మాత్రం పాపం. వాళ్ల ఒళ్లు త్వరగా అరిగిపోతుందని టీమ్‌లు డబ్బు తీయవు. పిట్స్‌బర్గ్ రెండోసారి ట్యాగ్ వేస్తే లెవియాన్ బెల్ 14.5 మిలియన్లు కాదని 2018 సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత జెట్స్ 35 మిలియన్ల గ్యారంటీతో తీసుకుంది గానీ, పాత ఆట మళ్లీ కనబడలేదు. సేక్వాన్ బార్క్లీ వేరే దారి పట్టాడు. 2023లో జెయింట్స్‌తోనే ఏడాది ఒప్పందానికి సర్దుకుని, 2024లో వాళ్లు వదిలేయగానే ఫిలడెల్ఫియా వెళ్లాడు. మూడేళ్లకు 37.75 మిలియన్లు. అతను పెరిగింది పెన్సిల్వేనియాలోనే, పైగా అక్కడ ముందు అడ్డుగోడలా నిలబడే ఆఫెన్సివ్ లైన్ అప్పట్లో లీగ్‌లోని గట్టివాటిలో ఒకటి. ఆ సీజన్‌లోనే 2,005 గజాలు పరిగెత్తి, లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ కూడా గెలిచాడు. పరిగెత్తి బతికేవాడికి ముందున్న లైన్ ఎలాంటిదన్నది జీతంతో సమానం.

టీమ్ ఎంచుకునేటప్పుడు ఆటగాళ్లు పన్నులు కూడా లెక్కేస్తారు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, న్యూజెర్సీ నుంచి ఇటు మారిన మనవాళ్లని అడగండి చెబుతారు. కాకపోతే బయట ఆడిన మ్యాచ్‌లకు ఆయా రాష్ట్రాలు వాటా గుంజుతాయి.

పేరు గొప్పదైతే చాలనుకోకండి. కౌబాయ్స్ డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్‌తో జెర్రీ ఏజెంట్‌ని పక్కనపెట్టి నేరుగా మాట్లాడి, బేరం అయిపోయిందన్నాడు. కాలేదు. 2025 ఆగస్టు 28న గ్రీన్ బేకి ట్రేడ్. అక్కడ నాలుగేళ్లకు 188 మిలియన్లు, కౌబాయ్స్‌కి రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లూ (డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంచుకునే వంతులు), డిఫెన్స్ ఆటగాడు కెన్నీ క్లార్కూ. మా చిన్నోడికి కొన్న పార్సన్స్ 11వ నంబర్ జెర్సీకి ధర చీటీ కూడా తీయలేదు. సరిగ్గా నెలకి రెండు టీమ్‌లూ ఆర్లింగ్టన్‌లో, కౌబాయ్స్ సొంత స్టేడియంలో, 40-40తో టై అయ్యాయి.

ఇక మార్చి రెండో వారంలో ఫ్రీ ఏజెంట్ల వార్తల జడివాన మొదలైనప్పుడు మొత్తం అంకె వదిలేసి, మొదటి రెండేళ్లలో చేతికొచ్చేదెంత, మూడో ఏడాది తీసేస్తే టీమ్‌కి డెడ్ మనీ ఎంత అన్నది వెతకండి. ఓవర్ ద క్యాప్, స్పోట్రాక్ సైట్లలో ఆటగాడి పేరు కొడితే సంవత్సరాల వారీగా పట్టిక వస్తుంది. సంతకమైన రోజు పూర్తి వివరాలు ఉండకపోవచ్చు, ఒకట్రెండు రోజులాగి చూడండి.