స్కూల్లో ఎవరికో చెప్పుకుంటోంది, నాకెందుకు చెప్పదు?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చాం. జీసీఎస్ఈ (ఇక్కడి పదో తరగతి లాంటి పరీక్షలు, తొమ్మిదే పై గ్రేడ్) లో అన్నీ ఎనిమిదులూ తొమ్మిదులే. ఇప్పుడు అదే స్కూల్లో సిక్స్త్ ఫామ్ (మన ఇంటర్ లాంటిది), ఇయర్ 12. బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్ తీసుకుంది. మెడిసిన్ చదివించాలని మా కోరిక. మొన్నటి టెస్టులో కెమిస్ట్రీలో ‘డి’ వచ్చింది. ఇంటికి రాగానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటోంది. అన్నం ప్లేటు తలుపు దగ్గర పెట్టి వస్తున్నాను. అటెండెన్స్ గురించి వచ్చిన మెయిల్ చూస్తే తెలిసింది, జనవరి నుంచి స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడుతోందట. కన్నతల్లిని నేనుండగా బయటివాళ్లకు చెప్పుకోవడమేమిటి? ఇది రికార్డుల్లో ఉండిపోయి మెడిసిన్ సీటుకు అడ్డమవుతుందా? మావారు ఇవన్నీ మానిపించి, విజయవాడలో ఇంటర్ బైపీసీలో చేర్పించి నీట్ రాయిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ రికార్డుల సంగతి చెప్తాను, అదే మీకు నిద్ర పట్టనివ్వడం లేదనిపిస్తోంది. కౌన్సెలర్‌తో మాట్లాడినందుకు సీటు పోదు. గదిలో మాట్లాడిన మాటలు యూనివర్సిటీకి వెళ్లవు. యూనివర్సిటీ సీట్లకు దరఖాస్తులు తీసుకునే యూకాస్ అప్లికేషన్‌తో పాటు స్కూల్ ఒక రిఫరెన్స్ పంపుతుంది. పిల్లల చదువును దెబ్బతీసిన పరిస్థితులేమైనా ఉంటే రాయడానికి అందులో విడిగా ఒక భాగం ఉంది. ఆరోగ్య విషయాలైతే విద్యార్థి సరేనంటేనే రాస్తారు. మార్కుల వెనకున్న కష్టం సీటు ఇచ్చేవాళ్లకు తెలియాలనే ఆ భాగం పెట్టారు. కాబట్టి ఆ భయం వదిలేయండి.

ఇక ఆ ‘డి’ సంగతి. జీసీఎస్ఈలో తొమ్మిదులు తెచ్చుకున్న పిల్లలు ఇయర్ 12లో ఒక్కసారిగా కిందికి జారడం చాలా మామూలు, కెమిస్ట్రీలో మరీను. అక్కడ తొమ్మిదో పదో సబ్జెక్టులు బాగా చదివి, పాత పేపర్లు చేస్తే గట్టెక్కేవాళ్లు. ఇక్కడ మూడే సబ్జెక్టులు, కానీ లోతు ఎక్కువ. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎలక్ట్రాన్లు ఎటు నుంచి ఎటు కదులుతాయో బాణాలు గీసి చూపించాలి. తెలియని మాలిక్యూల్ ఇచ్చి, తెలిసిన సూత్రంతో తేల్చమంటారు. బట్టీ అక్కరకు రాదు. పైగా టైమ్‌టేబుల్ నిండా ఫ్రీ పీరియడ్లు. మన కార్పొరేట్ కాలేజీల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో ఎవరో ఒకరు నెత్తిన నిలబడతారు. సిక్స్త్ ఫామ్‌లో ఆ ఖాళీ గంటను ఏం చేసుకోవాలో పదహారేళ్ల పిల్లే తేల్చుకోవాలి. ఎప్పుడూ క్లాసులో ముందున్న పిల్లకు ‘నాకు అర్థం కాలేదు’ అని చెయ్యెత్తడం కూడా కొత్తే.

ఊరట కలిగించే విషయమూ ఉంది. ‘ఏ లెవెల్స్’ అనే ఈ రెండేళ్ల చదువుకు అసలు పరీక్షలు ఇయర్ 13 చివర్లో, మే, జూన్‌లలో జరుగుతాయి. ఇప్పటి టెస్టు మార్కులు ఫైనల్ గ్రేడ్‌లో కలవవు. అయితే యూనివర్సిటీలకు పంపే ప్రిడిక్టెడ్ గ్రేడ్లకు (ఫైనల్లో ఎంత రావచ్చో స్కూల్ వేసే అంచనా) చాలా స్కూళ్లు ఇయర్ 12 చివరి పరీక్షలనే చూస్తాయి. అంటే నిలదొక్కుకోవడానికి టైమ్ ఉంది, పారేసుకునేంత లేదు.

ఇప్పుడు మీ మనసుకు గుచ్చుకున్న మాటకు వస్తాను. మీ అమ్మాయి బయటివాళ్లకు చెప్పుకుంటోందంటే మీ మీద ప్రేమ తగ్గిందని కాదమ్మా. తన మార్కు చూసి మీ ముఖం వాడిపోవడం చూడలేక చెప్పుకోలేకపోతోందేమో. ‘నీ కోసమే ఇంత దూరం వచ్చాం’ అని మన ఇళ్లలో ప్రేమతోనే అంటాం. పిల్లకు అది తీర్చలేని అప్పులా వినిపిస్తుంది. అప్పు ఇచ్చినవాళ్ల దగ్గర ఎవరైనా మనసు విప్పుతారా? ఆ కౌన్సెలర్‌కు తను ఏమీ బాకీ లేదు, అందుకే నోరు తెరిచింది. కష్టమొస్తే ఎవరి దగ్గరికో వెళ్లాలని ఆ పిల్లకు తోచింది చూడండి, దానికి నాకు చాలా సంతోషంగా ఉంది. దయచేసి మానిపించకండి. ఏం మాట్లాడావని అడగకండి, స్కూల్‌కు ఫోన్ చేసి ఆరా తీయకండి. ప్రమాదముందని అనిపిస్తే తప్ప వాళ్లు బయటపెట్టరు, పెట్టకూడదు కూడా.

మీరు ఒక్కసారి ఇలా అనండి: ‘స్కూల్లో మాట్లాడుతున్నావని తెలిసింది నాన్నా. మంచి పని చేశావు. నాకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు.’ అక్కడితో ఆపేయండి. ఎదురెదురుగా కూర్చోబెట్టుకుని కాదు, కారులో పక్కన కూర్చున్నప్పుడు అనండి. ఇంకో మాట, ఆ ప్లేటు. తలుపు దగ్గర పెట్టడం మీ ఆపేక్షే, కానీ గదిలోంచి రావలసిన అవసరం కూడా తప్పిపోతోంది. వారంలో రెండు పూటలైనా అందరూ కలిసి తినాలని, తింటున్నంతసేపూ చదువు ఊసెత్తకూడదని పెట్టుకోండి. ఆ నియమం మీవారికి కూడా వర్తిస్తుంది.

విజయవాడ ఆలోచనకు మాత్రం నేను ఒప్పుకోను. నీట్ రాయాలంటే ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్ ఉండాలి, మీ అమ్మాయి ఫిజిక్స్ తీసుకోనే లేదు. అక్కడికి పంపితే ఇంటర్ ఫస్టియర్ నుంచి మొదలెట్టాలి. అదీ అమ్మానాన్నలకు, స్నేహితులకు దూరంగా హాస్టల్లో, 20 లక్షల మందికి పైగా రాసే పరీక్ష కోసం. దిగులుగా ఉన్న పిల్లను ఉన్న ఆసరాలన్నీ తీసేసి పంపడం అవుతుంది.

దాని బదులు స్కూల్లో ఫామ్ ట్యూటర్ (క్లాస్ టీచర్) ‌ను, సిక్స్త్ ఫామ్ హెడ్‌ను కలవండి. తనను వెంట తీసుకెళ్లండి, ఏం అడగాలో ముందే తనతో అనుకోండి. కెమిస్ట్రీలో చిక్కు ఏ చాప్టర్లలో ఉంది? స్కూల్ అయ్యాక టీచర్ దగ్గర కూర్చునే సెషన్లున్నాయా? ఫ్రీ పీరియడ్లలో ఎక్కడ చదువుకుంటోంది? ఈ మూడూ చాలు. మెడిసిన్‌కైతే యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష వేసవిలో మొదలై సెప్టెంబర్‌తో ముగుస్తుంది, అప్లికేషన్ గడువు అక్టోబర్ 15. అప్పటికి సిద్ధంగా లేదనిపిస్తే రిజల్ట్స్ వచ్చాక మరుసటి ఏడాది అప్లై చేయవచ్చు. అలా చేసేవాళ్లు ఎంతోమంది.

ఒక విషయంలో మాత్రం ఆగవద్దు. తిండి మానేయడం, ఒంటి మీద గాయాలు, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాటలు కనిపించినా వినిపించినా ఆ రోజే 111కు ఫోన్ చేసి 2 నొక్కండి, ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ మానసిక ఆరోగ్య సిబ్బంది మాట్లాడతారు. ప్రాణానికే ముప్పనిపిస్తే 999. తనంతట తాను మాట్లాడటానికి పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ 0800 1111 ఉంది, 19 నిండేదాకా ఉచితం. ఆ నంబర్ ఫ్రిజ్ మీద అంటించి ఊరుకోండి.

స్కూల్ మీటింగ్‌కు మీవారు కూడా రావాలి. ‘నీకసలు డాక్టర్ కావాలని ఉందా?’ అన్న ప్రశ్న మాత్రం అక్కడ టీచర్ల ముందు వేయకండి. ఇంట్లో అడగండి, తను ‘లేదు’ అన్నా వినడానికి మీరిద్దరూ సిద్ధపడ్డాకే.