అమ్మది ఏ, నాన్నది బీ బ్లడ్ గ్రూపు అయితే బిడ్డకు ఓ వస్తుందా?

నిక్షేపంగా రావచ్చు, బిడ్డ ఆసుపత్రిలో మారిపోయిందేమో అని టెన్షన్ పడక్కర్లేదు. ఈ గ్రూపు జన్యువు మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఏ, బీ బహిర్గతం, ఓ అంతర్గతం, అంటే పక్కన ఏ గానీ బీ గానీ ఉంటే ఓ బయటపడదు. రిపోర్టులో 'ఏ పాజిటివ్' అని ఉన్నా లోపల ఉన్నది ఏఏనో ఏఓనో ఆ కాగితం చెప్పదు. అమ్మ ఏఓ, నాన్న బీఓ అనుకోండి, బిడ్డకు ఏబీ, ఏ, బీ, ఓ ఏదైనా రావచ్చు, ఒక్కోదానికి 25 శాతం అవకాశం. చాలామంది పొరబడేది ఇక్కడే: నాలుగింట ఒకటి కదా, మొదటి బిడ్డకు ఓ వచ్చేసింది కాబట్టి తర్వాత ముగ్గురికి రాదనుకుంటారు. అలా ఉండదు, ప్రతి కాన్పుకీ లెక్క మళ్ళీ మొదటి నుంచే.